సివిల్ చదివాను, పాత కట్టడాల పనిలోకి వెళ్లవచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. బీటెక్ సివిల్ చివరి ఏడాదిలో ఉన్నాను. వేయి స్తంభాల గుడికి దగ్గర్లోనే పెరిగాను. అక్కడి కల్యాణ మండపాన్ని విప్పదీసిన రాళ్లను చూస్తూనే బడికి వెళ్లి వచ్చాను. ఆ రాళ్లు మళ్లీ మండపంగా నిలబడేసరికి నేను ఇంజినీరింగ్ కాలేజీలో ఉన్నాను. పాత కట్టడాల పరిరక్షణలో పీజీ చేయాలని ఉంది. కానీ క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. అమెరికాలో ఉన్న మా బాబాయి, అక్కడ హిస్టారిక్ ప్రిజర్వేషన్ అని ప్రత్యేకంగా మాస్టర్స్ ఉంది, వచ్చేయమంటున్నారు. నాన్న మాత్రం "పాత రాళ్లు అన్నం పెడతాయా?" అంటున్నారు. నేను ఆర్కిటెక్ట్‌ని కాను, బొమ్మలు వేయడమూ అంతగా రాదు. ఈ దారి నాకు పనికొస్తుందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం:

అమ్మా, ఆర్కిటెక్ట్ కాకపోవడాన్ని మీరు లోటుగా రాశారు. నేను ఆర్కిటెక్ట్‌ని. ఈ రంగంలో మావాళ్లకు కొదవ లేదు. పాత కట్టడం ఎందుకు నిలబడింది, ఎప్పుడు పడిపోతుంది అన్నది లెక్క కట్టి చెప్పగలిగిన ఇంజినీర్ల కోసమే మేం వెతుక్కుంటాం. వెతికితే దొరికేవాళ్లలోనూ చాలామంది చూడగానే "కాంక్రీటు జాకెట్ వేద్దాం", అంటే చుట్టూ కొత్త కాంక్రీటు తొడుగు పోద్దాం అనేవాళ్లే.

శ్రీకాళహస్తి సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం 2010 మే 26న కుప్పకూలింది. దాని పగుళ్లు ఆ రోజు పుట్టినవి కావు, ఏళ్ల తరబడి అందరికీ కనిపిస్తూనే ఉన్నాయి. పగులు కనిపించడం వేరు, దాన్ని చదవడం వేరు. అది పాతదై కదలకుండా ఉన్నదా, ఇంకా తెరుచుకుంటోందా? పునాది కుంగడం వల్ల వచ్చిందా, లోపలి రాతిపొడి, సున్నం కరిగి జారిపోవడం వల్లనా? ఎండకు సాగి చలికి ముడుచుకుంటోందా? వీటికి జవాబు చెప్పవలసింది మీ శాఖ. పడిపోయిన చోట కొత్త గోపురం కట్టుకున్నాం, 2017లో కుంభాభిషేకం కూడా అయింది. అయితే 1516 నాటిది పోయింది, అంతే.

మీరు చూస్తూ పెరిగిన మండపమూ ఇలాంటి పాఠమే. 2006లో విప్పదీసినది 2024 మార్చిలో తెరిచారు. ఒక మండపానికి పద్దెనిమిదేళ్లు. అందులో నిధుల జాప్యం, టెండర్ల జాప్యం ఎంత అన్నది అలా ఉంచండి. కాకతీయ రాజు రుద్రదేవుడి కాలం నాటి, అంటే 1163 ప్రాంతపు నిర్మాణాన్ని నేలదాకా విప్పి మళ్లీ నిలబెట్టడమంటే, కట్టినవాళ్ల ఆలోచనను తిరగేసి చదవడం. కాకతీయుల పునాదుల్లో గొయ్యి తవ్వి ఇసుక నింపి, దానిమీద బరువు మోపే పద్ధతి ఉంది. కదలకుండా బంధించి ఉంచినంతకాలం ఇసుక గొప్ప పునాది. ఆ ఇసుక పక్కకు జారినా, దానిలోని తేమ చెదిరినా పైనున్న స్తంభాలు ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకు ఒరుగుతాయి. మీరు నాలుగో సెమిస్టర్‌లో చదివిన సాయిల్ మెకానిక్స్ ఇదే. పరీక్ష అయ్యాక మళ్లీ తెరవలేదని నా అనుమానం. తెరవండి.

మన దగ్గర పుట్టిన ఇంజినీరుకు ఒక అదృష్టం ఉంది. వరంగల్ నుంచి గోల్కొండకు వెళ్తే రాతిని నిలబెట్టే రెండు వేర్వేరు తర్కాలు కనిపిస్తాయి. కాకతీయులది స్తంభం మీద దూలం. రాయి నొక్కుడును ఎంతైనా భరిస్తుంది, సాగదీస్తే మాత్రం తట్టుకోదు. కాబట్టి దూలం అడుగుభాగాన, నడిమధ్యలో పగులు వస్తుంది. అందుకే వాళ్లు స్తంభం తలమీద బోదెలు, అంటే పక్కలకు చాచిన రాతి చేతులు పెట్టి దూలం పొడవు తగ్గించారు. మనం అలంకారమని మురిసిపోయే చాలా భాగాలు అక్కడ బరువు మోస్తున్నాయి. కుతుబ్‌షాహీలది కమాను, గుమ్మటం. అక్కడ సాగడమన్న సమస్యే ఉండకూడదు, అంతా నొక్కుడే. కానీ కమాను కాళ్లు పక్కలకు తన్నుకుంటాయి, ఆ తన్నును ఆపే గోడ బలహీనపడితే పైన గుమ్మటం విచ్చుకుంటుంది. వేలాడే గొలుసును తలకిందులు చేస్తే కమాను ఆకారం వస్తుందని 1675లో రాబర్ట్ హుక్ చెప్పాడు. గుమ్మటాలను విశ్లేషించేవాళ్లు నేటికీ ఆ సూత్రంతోనే మొదలుపెడతారు. నాలుగేళ్లుగా మీకు ఐఎస్ 456 నేర్పారు. అది ఉక్కు కలిపిన కాంక్రీటుకు రాసిన కోడు. రామప్ప మండపానికి దాన్ని పెట్టి లెక్క చేస్తే ఆ గుడి ఎనిమిది వందల ఏళ్ల కిందటే పడిపోయి ఉండాలి.

ఇక సున్నం. ఈ వృత్తిలో సగం గొడవలు సిమెంటు దగ్గరే వస్తాయి. సున్నపు పూత గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి మెల్లగా మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. గోడలోని తేమను బయటకు వదులుతుంది, కట్టడం కాస్త కదిలితే తానూ కాస్త సర్దుకుంటుంది. దానిమీద సిమెంటు పూస్తే తేమకు దారి మూసుకుపోతుంది. అది రాతిగుండా బయటికి రావలసి వస్తుంది, వస్తూ ఉప్పును మోసుకొచ్చి రాతి చర్మం కింద గడ్డకట్టిస్తుంది. కొన్నేళ్లకు చెక్కడం పొరలు పొరలుగా ఊడిపోతుంది. పాత పట్టుచీరకు గోనెపట్టాతో అతుకు వేస్తే చిరిగేది గోనె కాదు, చీర. "గట్టిగా ఉండాలని సిమెంటు వేశాం" అని చెప్పే ప్రతి ఆలయ కమిటీకీ నేను ఇది ఓపికగా వివరిస్తూనే ఉంటాను. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. ప్రభుత్వ ధరల పట్టికలో సిమెంటు పనికి ధర సిద్ధంగా ఉంటుంది, డంగు సున్నానికి వెతుక్కోవాలి. అది తెచ్చి, నానబెట్టి, గానుగలో తిప్పి, కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి వాడే మేస్త్రీని వెతకడం అంతకన్నా కష్టం.

గోల్కొండ కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర పాత కట్టడాలను బాగుచేసే ఆగాఖాన్ ట్రస్టు 2013 నుంచి 2024 దాకా చేసిన పనిని మీరు తప్పక చూడాలి. 106 ఎకరాల ప్రాంగణంలో అంతకుముందు వేసిన సిమెంటును ఒలిచి మళ్లీ సున్నం పనికి మళ్లారు. అక్కడి మెట్లబావులకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం వచ్చింది. అదే ఏడాది దోమకొండ కోటకూ వచ్చింది. గుమ్మటాలు చూసి రావడంతో ఆపకుండా, సున్నం పని తెలిసిన ఒక మేస్త్రీ ఆచూకీ కనుక్కుని రండి. ఆయన ఫోను నంబరు మీకు ఏ పీజీ పట్టాకూ తీసిపోదు.

ఇప్పుడు చదువు. మొదట తలుపులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూద్దాం. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లోని ఆర్కిటెక్చరల్ కన్జర్వేషన్ పీజీకి బీఆర్క్ కావాలి, అది మీ తలుపు కాదు. తవ్వకాలూ, శాసనాలూ మీకు ఇష్టమైతే గ్రేటర్ నోయిడాలో పురావస్తు సర్వేక్షణ సంస్థ నడిపే దీన్‌దయాళ్ ఉపాధ్యాయ ఇన్‌స్టిట్యూట్‌లో రెండేళ్ల పీజీ డిప్లొమా ఉంది, అయితే అది చరిత్ర, పురావస్తు శాస్త్రం చదివినవాళ్ల వైపు మొగ్గుతుంది. కుడ్యచిత్రాలు, లోహ విగ్రహాలు, తాళపత్రాల రసాయనం వైపు మనసుంటే లక్నోలో సాంస్కృతిక సంపద పరిరక్షణ కోసం ఉన్న జాతీయ పరిశోధనశాల. మీ ఉత్తరంలో శాసనం, చిత్రం అన్న మాటలు ఒక్కసారి కూడా రాలేదు. మీకు మండపం నిలబడిన తీరే నచ్చింది. కాబట్టి ఆ వైపే వెళ్దాం.

నా సలహా సూటిగా చెబుతాను. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌ను సివిల్‌లో రాసి స్ట్రక్చరల్ ఇంజినీరింగ్‌లో చేరండి. సాధ్యమైతే పాత రాతికట్టు మీద పనిచేసే ఆచార్యుడు ఉన్న చోట చేరండి. ఐఐటీ మద్రాసులో వారసత్వ కట్టడాల భద్రత కోసం ఒక జాతీయ కేంద్రమే ఉంది. గుడుల పగుళ్లు, గోపురాల వంపు, భూకంపం వస్తే ఏమవుతుంది వంటివే అక్కడి పని. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో భూకంప ఇంజినీరింగ్ పరిశోధన కేంద్రం ఉంది, ఇంటికి దగ్గర కావాలంటే అదీ చూడండి. కళాశాల పేరు కన్నా గైడు ముఖ్యం. దరఖాస్తుకు ముందే ఆ గైడు గత అయిదేళ్లలో ఏయే కట్టడాల మీద పరిశోధనాపత్రాలు రాశారో చదివి, వాటిలో ఒకదాని గురించి నిజమైన ప్రశ్న ఒకటి అడుగుతూ మెయిలు రాయండి. "మీ దగ్గర పనిచేయాలని నా చిరకాల కోరిక" అన్న మెయిళ్లు వాళ్లకు రోజూ వస్తాయి.

దేశం బయట చదవాలనుంటే సివిల్ వాళ్లకోసమే పుట్టిందా అనిపించే కోర్సు ఒకటి యూరప్‌లో ఉంది. పేరు స్ట్రక్చరల్ అనాలిసిస్ ఆఫ్ మాన్యుమెంట్స్ అండ్ హిస్టారికల్ కన్‌స్ట్రక్షన్స్, పొట్టిగా ఎస్ఏహెచ్‌సీ. పోర్చుగల్‌లోని మిన్యో, స్పెయిన్‌లోని బార్సిలోనా, ఇటలీలోని పాడువా, చెక్ రాజధాని ప్రాగ్ విశ్వవిద్యాలయాలు కలిసి నడుపుతాయి. ఏడాది కోర్సు, బోధన ఇంగ్లిషులోనే. ఫీజూ ఉపకార వేతనమూ ఆ ఏడాది ప్రకటనలో చూసుకోండి. ఇక్కడ ఒకటి రెండేళ్లు సైటు మీద పనిచేసి వెళ్తే ఆ ఏడాది పది రెట్లు ఉపయోగపడుతుంది. నేరుగా వెళ్తే పాఠం అర్థమవుతుంది గానీ అడగవలసిన ప్రశ్న తోచదు.

మీ బాబాయిగారి మాట. అమెరికాలో ఈ చదువు గట్టిదే. కొలంబియా విశ్వవిద్యాలయంలో జేమ్స్ మార్స్టన్ ఫిచ్ 1964లోనే మొదలుపెట్టారు. న్యూయార్క్‌లో 1963లో పెన్సిల్వేనియా రైల్వేస్టేషన్‌ను కూల్చడం మొదలయ్యాక జనం మేలుకొన్నారు. 1965లో నగర చట్టం, 1966లో జాతీయ చట్టం వచ్చాయి. అక్కడి ఉద్యోగాలు ఎక్కువగా ఆ చట్టాల చుట్టూ తిరుగుతాయి. ఫెడరల్ డబ్బుతో రోడ్డు వేస్తుంటే దారిలోని పాత కట్టడాలకు హాని ఉందో లేదో నివేదిక రాయడం, పాత భవనాన్ని బాగు చేయించిన యజమానికి 20 శాతం పన్ను రాయితీ వచ్చేలా పత్రాలు సిద్ధం చేయడం, రాష్ట్ర కార్యాలయాల్లో సర్వేలు. నేషనల్ పార్క్ సర్వీసు వంటి ఫెడరల్ ఉద్యోగాలకు సాధారణంగా పౌరసత్వం అడుగుతారు. చదివేది వాళ్ల చెక్క ఇళ్లు, వాళ్ల ఇటుక మిల్లులు, వాళ్ల చట్టం. అక్కడే స్థిరపడాలనుకుంటే శుభ్రంగా వెళ్లండి. వరంగల్‌లో పనిచేయడానికైతే అంత అప్పు చేసి నేర్చుకోవలసింది అక్కడ తక్కువ. బాబాయి మీద గౌరవంతోనే చెబుతున్నాను.

ఇక నాన్నగారి ప్రశ్న. ఆయన అడిగింది సబబైన ప్రశ్న, దానికి గొప్ప మాటలు చెప్పి తప్పించుకోకూడదు. మొదటి అయిదారేళ్లు మీ సాఫ్ట్‌వేర్ స్నేహితుల జీతంలో సగమైనా రాకపోవచ్చు. ప్రైవేటు సంస్థల్లో పని ప్రాజెక్టు ఉన్నంతవరకే. బిల్లులు నెలల తరబడి ఆగుతాయి. అందరికన్నా తక్కువ ధర కోట్ చేసినవాడికే టెండరు దక్కుతుంది గనుక, మీరు రాసిన మంచి నివేదికను పక్కన పెట్టి సిమెంటు బస్తాలు దించే రోజులూ ఉంటాయి. కోపం వస్తుంది. ఆ కోపంతోనే చాలామంది రంగం వదిలి వెళ్లారు.

అయినా సివిల్ డిగ్రీ చేతిలో ఉన్నవాళ్లకు ఈ రంగంలో నేల గట్టిగానే ఉంటుంది, ఆ సంగతి ఆయనకు వివరించండి. గేట్‌తో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం వస్తుంది, ఇంటిమీద భారం తగ్గుతుంది. పురావస్తు సర్వేక్షణలో కన్జర్వేషన్ అసిస్టెంట్ పోస్టులు ఉన్నాయి, వాటికి సివిల్ వాళ్లు అర్హులు. అక్కడినుంచి ఆర్కియలాజికల్ ఇంజినీరుగా ఎదగవచ్చు. ఖాళీలు ఏటా పడవు గనుక దానికోసమే కూర్చోవద్దు. రాష్ట్ర వారసత్వ శాఖలు, దేవాదాయ శాఖ ఇంజినీరింగ్ విభాగాలు ఉన్నాయి. నన్నడిగితే అందరూ చిన్నచూపు చూసే దేవాదాయ శాఖలోనే మీరు చేయగలిగేది ఎక్కువ. రక్షిత కట్టడాల జాబితాలో లేని వేల పాత గుడుల భవితవ్యం అక్కడి అంచనాపత్రాల్లోనే తేలుతుంది. ఇవేవీ కుదరకపోయినా పాత ఇళ్లు, ఆసుపత్రులు, కళాశాలల నిర్మాణ భద్రత పరీక్షించే ఇంజినీరుకు పని దొరుకుతుంది. ఆర్కిటెక్ట్‌కు లేని ఆసరా ఇది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదలాలా? ఇంట్లో మీ జీతం అవసరమైతే చేరండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఫిబ్రవరిలో పరీక్ష రాసి పెట్టుకుని, రెండేళ్లు ఉద్యోగం చేసి, డబ్బు దాచుకుని వెళ్లవచ్చు. జీతం అవసరం లేకపోతే చేరవద్దు. మూడో ఏడాదికి ఇంటి అద్దె, కారు వాయిదా, హోదా అన్నీ కలిసి కాళ్లకు అడ్డుపడతాయి.

ఒక మాట పెద్దవాళ్లు మొహమాటంతో చెప్పరు. సైట్లలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉండదు, బస ఊరికి దూరంగా ఉంటుంది, పరంజా ఎక్కాలి, మేస్త్రీలు మొదట మీ మాట వినరు. ఇవన్నీ చేరకముందే అడగండి, బస ఎక్కడ, రాత్రి తిరుగు ప్రయాణం ఎలా అన్నది రాతపూర్వకంగా తేల్చుకోండి. మేస్త్రీల సంగతి నాకు వదిలేయండి. సున్నం తడి చూసి ఎంతసేపట్లో పూయాలో మీరు చెప్పగలిగిన రోజు వాళ్లే పక్కకు జరిగి చోటిస్తారు.

చట్టం కూడా కాస్త చదువుకోండి. 2010 సవరణ తర్వాత కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లలోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్లు అనుమతితోనే. మీ పేటలో చాలా ఇళ్ల గొడవలు ఇక్కడే పుడతాయి. 2019లో హైదరాబాద్‌లోని ఇర్రుమ్ మంజిల్ అనే పాత ప్యాలెస్‌ను కూల్చి కొత్త అసెంబ్లీ కట్టాలన్న నిర్ణయాన్ని హైకోర్టు ఆ సెప్టెంబరులో కొట్టివేసింది. ఆ భవనం మిగలడానికి సున్నం గాని పరంజా గాని కారణం కాదు, పట్టణ ప్రణాళిక నిబంధనలు తెలిసినవాళ్లు కారణం.

ఈ ఏడాది చేయవలసిన పని ఒకటే చెబుతాను. మీ చుట్టుపక్కల ఏ జాబితాలోనూ లేని ఒక చిన్న పాత కట్టడాన్ని ఎంచుకోండి. ఊరి చివర శివాలయమో, పాడుబడ్డ గడి ముఖద్వారమో, మెట్లబావో ఏదైనా ఫరవాలేదు. యజమానినో పూజారినో అడిగి అనుమతి తీసుకోండి. రక్షిత కట్టడమైతే స్టాండు కెమెరా పెట్టడానికి కూడా లిఖిత అనుమతి కావాలి, అందుకే జాబితాలో లేనిది అంటున్నాను. దాన్ని పూర్తిగా కొలిచి గీయండి. ప్రతి పగులుకూ ఒక అంకె ఇవ్వండి. ముఖ్యమైన పగుళ్ల మీద అడ్డంగా సన్నని గాజుపలక అతికించి, దాని పక్కన తేదీ రాయండి. పలక విరిగితే పగులు కదిలినట్టు. వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చూడండి. రెండు చూపుల మధ్య తేడా నాలుగు పేజీల్లో రాస్తే, ఏ ఆచార్యుడికి పంపినా మీ మార్కుల జాబితాకన్నా ముందు అది చదువుతారు. వరంగల్‌లో వారసత్వ పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్ శాఖ ఉంది. ఎన్ఐటీ విశ్రాంత ఆచార్యుడు పాండురంగారావు వంటివారు కాకతీయ కట్టడాల కోసం ఏళ్ల తరబడి పనిచేసిన ఊరు మీది. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు రావడం వెనక అలాంటి స్థానికుల ఓపిక చాలా ఉంది. మీ నాలుగు పేజీలు పట్టుకుని ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి.

బొమ్మలు రావన్నారు కదా, అక్కర్లేదు. ఇక్కడ కావలసింది చిత్రం కాదు, కొలత. 30 మీటర్ల టేపు, తూకపు గుండు, పెన్సిల్, గళ్ల కాగితం చాలు. ఒకరు పట్టుకోవడానికి, ఒకరు చదవడానికి, ఒకరు రాయడానికి ముగ్గురు వెళ్లండి. గది నాలుగు పక్కలూ కొలిచి ఊరుకోకుండా రెండు కర్ణాలూ కొలవండి. పాత గది ఏదీ మీరనుకున్నంత చదరంగా ఉండదు. కర్ణాల్లో తేడా వస్తే మీ టేపును అనుమానించి మళ్లీ కొలవండి. రెండోసారీ అదే వస్తే అది కట్టినవాళ్ల లెక్కో, తర్వాతి కుంగుడో అయి ఉంటుంది. రెంటిలో ఏదో తేల్చి నాకు రాయండి.